రేచడి పేరు, రైతు పట్టా: వెంకటగిరి జమీందారీ పతనం మాలపల్లె వైపు నుంచి

వెంకటగిరి రాజుల ఇంటిపేరు వెలుగోటి. కులం పద్మనాయక వెలమ. గోత్రం రేచర్ల. మన చరిత్ర పుస్తకాలు మొదటి రెండు మాటల దగ్గర చాలాసేపు ఆగుతాయి. మనం మూడో మాట దగ్గర ఆగాలి.

ఆ వంశం తన గురించి తాను చెప్పుకున్న కథ ఇది. మూలపురుషుడు చెవిరెడ్డి పొలం దున్నిస్తుంటే పాతిపెట్టిన నిధి కనపడింది. నరబలి ఇస్తేగాని అది దక్కదన్నారు. పక్కన నిలబడ్డ మాల పాలేరు రేచడు తనని బలివ్వమన్నాడు. రెండు కోరికలు మాత్రం కోరాడు. తన పేరు ఆ వంశానికి నిలవాలి. ఆ ఇంట్లో పెళ్ళి జరిగే ముందు తన వాళ్ళ ఇంట్లో ఒక పెళ్ళి జరగాలి. అట్లా ఆ వంశానికి రేచర్ల గోత్రం వచ్చిందంటారు. చెప్పేవాళ్ళని బట్టి వివరాలు కొంచెం మారుతాయి, రేచడి కులం మాత్రం మారదు.

ఇది నిజంగా జరిగిందా అన్నది నా ప్రశ్న కాదు. పాలేరు తన ప్రాణం తానే ఇస్తానన్నాడని యజమాని ఇంటివాళ్ళు చెబుతారు. పాలేరు వైపు నుంచి చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. అయినా ఒక్క సంగతి ఆ కథే ఒప్పుకుంది: ఆ సంపదకి మొదటి పెట్టుబడి ఒక మాలవాడి ప్రాణం. బదులుగా రేచడికి దక్కింది పేరు. భూమి కాదు.

జమీందారీ పోయిన కథ మనకి రెండు రకాలుగా అందింది. ఒకటి, దివాణం వెలవెలబోయిందనే బాధ కథ. రెండోది, రైతు గెలిచాడనే సంబరం కథ. రెండింటిలోనూ రేచడి మనుషులు కనపడరు. దొర చేతిలోంచి జారిన భూమి ఎవరి చేతిలో పడింది, మాలపల్లె దాకా ఎందుకు రాలేదు అని అడగడమే ఈ వ్యాసం పని.

కత్తి నుంచి కచేరీకి

వెలుగోటివారు మొదట యుద్ధం చేసిన కుటుంబమే. కాకతీయుల కాలం నుంచి వాళ్ళ వంశచరిత్ర మొదలవుతుంది. విజయనగరం చివరి రోజుల్లో, 1616 నాటి వారసత్వ యుద్ధంలో, వెలుగోటి యాచమనాయుడు పేరు గట్టిగా వినపడుతుంది. తర్వాత కలిమిలి అనే ఊరు వెంకటగిరిగా మారి వాళ్ళ రాజధాని అయింది.

1802 శాశ్వత పైసలా ఈ కుటుంబం బతుకుతీరునే మార్చింది. అంతకుముందు పాలెగాడు సైన్యాన్ని పోషించి, పిలిచినప్పుడు పంపాలి. కంపెనీ ఆ బాధ్యత తీసేసి, దానికి బదులు పేష్కషు పెంచి సన్నదు రాసిచ్చింది. కత్తి పట్టిన కుటుంబం శిస్తు వసూలు చేసే కుటుంబమైంది. కంపెనీకి కట్టాల్సిన పేష్కషు ఎప్పటికీ ఒకటే. రైతు దగ్గర వసూలు చేసేదానికి మాత్రం అట్లాంటి గట్టి హద్దు లేదు. ఈ రెంటికీ మధ్య తేడాయే జమీందారీ సంపద.

ఎస్టేటు రెండు వేల చదరపు మైళ్ళకు పైమాటే. వెంకటగిరి, పోలూరు, పొదిలి, దర్శి దాని ముఖ్యమైన భాగాలు. పొదిలి, దర్శి మెట్ట సీమ. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అవి అందులోకి వెళ్ళాయి. పోలూరు భాగం అంటే సూళ్ళూరుపేట చుట్టుపక్కల, పులికాట్ సరస్సు అంచున ఉన్న కోస్తా. మాది ఆ వైపే. నెల్లూరు జిల్లాగానే మేం ఎరిగిన ఈ ప్రాంతాన్ని 2022లో తిరుపతి జిల్లాలో కలిపారు.

ఈ కోస్తాలో పంట చెరువు మీద ఆధారపడుతుంది. చెరువు కట్ట మీద మట్టి పోసింది మాల మాదిగలు. కపిల తోలే రైతుకి తోలు బాన కుట్టిచ్చింది మాదిగలు. నాటు, కలుపు, కోత మా ఆడవాళ్ళ చేతుల మీద నడిచాయి. పంటకి రాత్రిళ్ళు కాపలా ఉన్నది యానాదులు. కల్లంలో రాశి పోసినాక ముందు దొర భాగం, తర్వాత రైతు భాగం, చివరికి గ్రామ సేవకుల మేర. దొర మనుషులు ఊళ్ళోకి వస్తే మోత మోసేది, గడ్డి వేసేది, కబురు చెప్పేది వెట్టివాడు. ఆ పనికి కొన్నిచోట్ల కొంత మాన్యం ఉండేది. ఆ మాన్యం సంగతి గుర్తుపెట్టుకోండి, చట్టం దగ్గర మళ్ళీ వస్తుంది.

దానధర్మాల లెక్క

ఈ కుటుంబం చేసిన దానాల జాబితా పెద్దది. 1878 నుంచి 1916 దాకా ఎస్టేటు ఏలిన రాజగోపాలకృష్ణ యాచేంద్ర మద్రాసులో ఒక స్త్రీల ఆసుపత్రికి లక్ష రూపాయలు ఇచ్చారు. అది మంచి పనే, కాదనను. కానీ ఆ ఆసుపత్రి పేరు చదవండి: విక్టోరియా కాస్ట్ అండ్ గోషా హాస్పిటల్. అంటే కులం ఉన్న ఆడవాళ్ళకి, ఘోషాలో ఉండే ఆడవాళ్ళకి. కులం లేదనిపించుకున్న ఆడవాళ్ళ సంగతి ఆ పేరులోనే తేలిపోయింది. ఎస్టేటు మళ్ళలో వంగి నాట్లు వేసిన ఆడమనిషి కష్టం ఆ లక్షలో ఉంది. ఆ ఆసుపత్రి పేరులో ఆమె లేదు. స్వాతంత్ర్యం వచ్చాక దానికి కస్తూర్బా గాంధీ పేరు పెట్టారు.

నెల్లూరులో 1920లో మొదలైన వెంకటగిరి రాజా కాలేజీ సంగతి కొంచెం వేరు. తర్వాతి కాలంలో మన పిల్లలూ అందులో చదివారు. కాబట్టి దానాలన్నిటినీ ఒక్క గాటన కట్టేయలేం. ఎవరి కోసం పెట్టిన తలుపులోంచి ఎవరు లోపలికి వచ్చారన్నది కూడా చరిత్రే.

పట్టు ముందు సడలింది ఎక్కడ?

జమీందారీ 1949లో ఉన్నట్టుండి కూలిందని అనుకుంటాం. మాల మాదిగల మీద దొరల పట్టు అంతకు డెబ్బై ఏళ్ళ ముందే సడలడం మొదలైంది. 1876-78 కరువులో మద్రాసు ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ పని పెట్టింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ అందులో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి ఇచ్చాడు. 1878 జూలై 3న ఒంగోలు వైపు ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. ఆదివారం పని చెయ్యం, చచ్చిన గొడ్డు మాంసం తినం అని వాళ్ళు నిలబడ్డారు. ఊరి పెద్దలకి మింగుడుపడనిది కొత్త దేవుడు కాదు, ఆదివారం ఆగిపోయిన పని.

దక్షిణాన నాయుడుపేటలో 1865 నుంచి జర్మనీ హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ పని చేసింది. మతం మారడం వల్ల కులం పోలేదని మనకి తెలుసు. కానీ బడి వచ్చింది. సంతకం వచ్చింది. ఊరి కరణాన్ని దాటి మాట్లాడే దారి ఒకటి దొరికింది. రాజకీయాల్లో దొర ఓడిపోకముందే మాదిగపల్లెలో దొరకి చెప్పే జవాబు మారింది.

రైతు అంటే ఎవరు?

1908లో మద్రాసు ఎస్టేట్స్ లాండ్ చట్టం వచ్చింది. రైతుకి సాగుహక్కు ఇచ్చింది, ఇష్టం వచ్చినట్టు వెళ్ళగొట్టడానికి లేదంది. జమీందారీ బురుజు నుంచి మొదటి రాయి ఊడింది ఇక్కడే. అయితే ఆ చట్టంలో రైతు ఎవరు? ఎస్టేటులో రైతీ భూమిని జమీందారుకి శిస్తు కట్టే షరతు మీద పట్టుకున్నవాడు. నాగలి పట్టినవాడు కాదు, శిస్తు కట్టినవాడు. ఆ రైతు కింద ఏడాదికి ఇంతని జీతానికి కుదిరిన పాలేరుకి ఆ నిర్వచనంలో చోటు లేదు. తర్వాత నలభై ఏళ్ళ రాజకీయమంతా ఈ నిర్వచనం మీదే నడిచింది.

1920 తర్వాత కొత్త శాసనమండళ్ళలో జమీందారులు జస్టిస్ పార్టీలో బలంగా కనపడ్డారు. 1932లో మునుస్వామి నాయుడు మంత్రివర్గం పోయి బొబ్బిలి రాజా ముఖ్యమంత్రి అయ్యాడు. బ్రాహ్మణేతర ఉద్యమం పేరుతో మొదలైన పార్టీ ఎస్టేట్ల కాపలాదారుగా మిగిలింది. అదే కాలంలో వెంకటగిరి ఎస్టేటులో రైతులు శిస్తుల మీద, అడవి పుల్లరుల మీద తిరగబడ్డారు. నెల్లూరు వెంకట్రామానాయుడు 'జమీన్ రైతు' పత్రిక నడిపారు. ఎన్.జి. రంగా జమీందారీ రైతుల ఆర్థిక స్థితి మీద 1933లో పుస్తకం అచ్చువేశారు. ఈ పోరాటం న్యాయమైనదే. అడవిలో మేత కోసం, కట్టెల కోసం దెబ్బలు తిన్నవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. కానీ కోరికల జాబితా రైతు పేరుతో ఉంది. కూలి రేటు, వెట్టి, పాలేరు అప్పు దాని మొదటి పేజీకి రాలేదు.

1937 ఎన్నికల్లో మద్రాసు శాసనసభ 215 స్థానాల్లో 159 కాంగ్రెసు గెలిచింది. బొబ్బిలి రాజా సొంత ఊళ్ళో వి.వి. గిరి చేతిలో ఓడిపోయాడు. ఆంధ్రదేశంలోని ప్రతి దివాణంలోనూ ఆ ఓటమి వినపడి ఉండాలి. రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన వేసిన ఎస్టేట్స్ లాండ్ కమిటీ 1938లో నివేదిక ఇచ్చింది. భూమికి యజమాని రైతే, జమీందారు శిస్తు వసూలు చేసే మనిషి మాత్రమే, శిస్తులు 1802 నాటి స్థాయికి దిగాలి అని తేల్చింది. 1939లో మంత్రివర్గం రాజీనామా చేయడంతో అది చట్టం కాలేదు.

అదే 1939లో మద్రాసు విశ్వవిద్యాలయం నేలటూరి వెంకటరమణయ్య పరిష్కరించిన 'వెలుగోటివారి వంశావళి'ని అచ్చువేసింది. ఎస్టేటు కాళ్ళ కింద నేల కదులుతున్నప్పుడు వంశచరిత్ర అచ్చయింది. పరిశోధకుడిగా నాకు ఆ పుస్తకం అవసరమే. కానీ రేచడి వంశావళి ఏ విశ్వవిద్యాలయం అచ్చువేస్తుంది? వేద్దామన్నా రాసిపెట్టిందెవరు?

1948 చట్టం: ఎవరికి ఎంత

1947లో శిస్తు తగ్గింపు చట్టం వచ్చింది. 1948లో 26వ నెంబరు చట్టం ఎస్టేట్లని రద్దు చేసింది. 1949 నుంచి ఎస్టేట్లు వరసగా ప్రభుత్వం చేతికి వచ్చాయి. ఈ చట్టాన్ని నాలుగు ప్రశ్నలతో చదవాలి.

మొదటిది, దొరకి ఏం మిగిలింది? పరిహారం. ఆదాయం నుంచి తేల్చిన మూల వార్షిక మొత్తానికి ఇన్ని రెట్లని ఇచ్చారు. చిన్న ఎస్టేట్లకి ముప్పై రెట్లు, లక్ష దాటిన పెద్దవాటికి పన్నెండున్నర రెట్లు. సొంత కమతంగా రుజువైన భూములకి పట్టా కూడా దొరికింది. పెద్దకొడుకుకే ఎస్టేటు, తమ్ముళ్ళకి మనోవర్తి అనే పాత పద్ధతి పోయి పరిహారం మీద వాటాలు వచ్చాయి. ఏనుగులూ దివాణం ఖర్చులూ అలవాటైన కుటుంబానికి ఇది దెబ్బే. నిజాయితీగా ఒప్పుకోవాలి, ఒక తరం కళ్ళముందే ఆ వైభవం అంతా కరిగిపోయింది. కానీ కిందపడ్డప్పుడు కింద పరుపు ఉంది.

రెండోది, రైతుకి ఏం వచ్చింది? తన ఖాతాలో ఉన్న భూమికి రైతువారీ పట్టా. మధ్యలో దొర లేడు, నేరుగా సర్కారుకే శిస్తు. మా కోస్తాలో ఆ పట్టాలు ఎక్కువగా రెడ్లకి, ఇతర సాగు కులాల ఆసాములకి చేరాయి. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో జిల్లా రాజకీయాలు ఎవరి చేతిలో ఉన్నాయో చూస్తే ఆ పట్టాల బలం అర్థమవుతుంది.

మూడోది, ఊరుమ్మడికి ఏమైంది? అడవులు, చెరువులు, పోరంబోకులు ప్రభుత్వపరమయ్యాయి. దొర అడవి సర్కారు అడవి అయింది. కట్టెల మోపు మోసే ఆడమనిషికి ఎదురయ్యే కాపలావాడి చొక్కా రంగు మారింది.

నాలుగోది, పాలేరుకి, వెట్టివాడికి, యానాదికి ఏం వచ్చింది? పరిహారం రావాలంటే ఎస్టేటులో హక్కు ఉండాలి. పట్టా రావాలంటే ఖాతాలో పేరు ఉండాలి. మనవాళ్ళకి ఉన్నది పని. పనిని ఆ చట్టం హక్కుగా లెక్కపెట్టలేదు. వెట్టి మాన్యం కూడా సేవ కింద ఇచ్చిన భూమి కాబట్టి 1908 చట్టమే దాన్ని రైతీ భూమి లెక్కలోంచి తీసేసింది. తరతరాలుగా దున్నినా దానికి రైతు హక్కు పుట్టలేదు.

నేను మా వూరి పాత రెవెన్యూ కాగితాలు చదివినప్పుడు మా తాతల పేర్ల కోసం వెతికాను. దొరకలేదు. మాలపల్లె అనే మాట మాత్రం దొరికింది, ఎవరిదో పొలానికి తూర్పు హద్దుగా. మేం ఆ భూమికి హద్దు అయ్యాం, హక్కుదారులం కాలేదు. విశ్వవిద్యాలయం గడప తొక్కిన మొదటివాణ్ణి మా ఇంట్లో నేనే. ఆ ఒక్క మాట చదవడానికి మాకు ఇన్నేళ్ళు పట్టింది.

వేరే దారి లేకపోయిందా?

ఆ కాలంలో అంతకన్నా ఎవరూ ఆలోచించలేదని కొందరు పెద్దలు అంటారు. అది నిజం కాదు. 1947 మార్చిలో అంబేద్కర్ 'స్టేట్స్ అండ్ మైనారిటీస్' పత్రంలో వ్యవసాయ భూమి అంతా రాజ్యం సొత్తు కావాలని, కులమతాల తేడా లేకుండా ఊరివాళ్ళకి సాగుకివ్వాలని, భూస్వామీ కౌలుదారూ భూమిలేని కూలీ అనే మూడు రకాలూ మిగలకూడదని ప్రతిపాదించారు. మద్రాసు చట్టానికి అది ఒక ఏడాది ముందు. ఆలోచన లేకపోవడం కాదు, శాసనసభలో బలం లేకపోవడం. 1937 సభలో 30 రిజర్వుడు స్థానాలు ఉన్నాయి, కానీ భూమి బిల్లు రాసిన చేతులు వేరే.

ఇంకో సంగతి కూడా మరిచిపోకూడదు. మాకు ఆనుకునే ఉన్న చెంగల్పట్టు జిల్లాలో కలెక్టరు ట్రెమెన్‌హీర్ 1891లో పరయల దుస్థితి మీద నివేదిక రాశాడు. దాని ఫలితంగా 1892 నుంచి సర్కారు బంజరు కొంత అణగారిన కులాలకి షరతుల మీద ఇవ్వడం మొదలైంది. ఆ భూమిలో ఎంత అన్యాక్రాంతమైందో వేరే కథ. జమీందారీ ఊళ్ళలో ఆపాటి దారి కూడా లేదు. అక్కడ బంజరు సర్కారుది కాదు, దొరది. ఎస్టేటు ఉన్న సంవత్సరాలు మనకి రెండు విధాల నష్టం: దొర ఇవ్వడు, సర్కారు ఇవ్వలేదు.

అట్లాగని జమీందారీ ఒక్కటే శత్రువు అనుకోకూడదు. జిల్లాలోనే కోవూరు వైపు రైతువారీ ఊళ్ళున్నాయి. అక్కడ దొర లేడు. అయినా అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య 1930లలో సొంత ఊళ్ళో కూలీలని కూడగట్టాల్సి వచ్చింది, బావినీళ్ళ దగ్గర అంటరానితనాన్ని ఎదిరించాల్సి వచ్చింది. దొర లేని ఊళ్ళోనూ మాలపల్లె మాలపల్లెగానే ఉంది.

శ్రీహరికోట ఇంకా గట్టి సాక్ష్యం. ఆ దీవి 1835లోనే సర్కారు చేతికి వచ్చింది. అక్కడి అడవి కట్టెలు కాలువ మీద మద్రాసు పొయ్యిల్లోకి వెళ్ళాయి. అడవిని ఎరిగిన యానాదులు కూలీలుగానే మిగిలారు. జిల్లాలో వాళ్ళ కులస్థులు కొందర్ని నేరస్థ తెగల చట్టం కింద కప్పరాళ్ళతిప్ప సెటిల్‌మెంటులో పెట్టారు. ఆ చట్టం 1952లో పోయింది. 1969లో దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు, 1971లో మొదటి రాకెట్ ఎగిరింది. దీవి ఖాళీ చేయాల్సి వచ్చిన యానాదుల చేతిలో భూమి కాగితం లేదు. దొర పోయినా, సర్కారు వచ్చినా, కాగితం అడిగే గొంతు ఒక్కటే.

ఏది పడింది, ఏది నిలిచింది

వెలుగోటి కుటుంబం ఏమైంది? ఎస్టేటు పోయింది, పేరు నిలిచింది. 1985లో ఆ ఇంటి వారసుడు తెలుగుదేశం టికెట్టు మీద వెంకటగిరి నుంచి శాసనసభకి గెలిచారు. 1989లో అదే స్థానం నుంచి గెలిచిన కాంగ్రెసు నాయకుడు నేదురుమల్లి జనార్దనరెడ్డి 1990లో ముఖ్యమంత్రి అయ్యారు. దివాణం నుంచి ఆసామికి అధికారం మారిన తీరు ఈ రెండు ఎన్నికల్లో కళ్ళకి కట్టినట్టు కనపడుతుంది. ఒక కుటుంబం దిగింది, ఒక కులం ఎక్కింది. దాన్నే మనం చాలాకాలం భూసంస్కరణ అని చదువుకున్నాం.

ఇది పాత సంగతే గదా అంటారేమో. కాదు. 2008లో కృష్ణపట్నం రేవు మొదలైంది. తడ పక్కన శ్రీసిటీ వచ్చింది. కోస్తాలో భూమి మళ్ళీ చేతులు మారుతోంది. 2013 భూసేకరణ చట్టం భూమి లేకపోయినా ఆ భూమి మీద మూడేళ్ళుగా బతికిన కూలీని, కౌలుదారుని కూడా బాధిత కుటుంబంగా ఒప్పుకుంది. 1948 చట్టం చెయ్యని పని అది. కానీ మూడేళ్ళు పని చేశామని రుజువు ఎవరి పుస్తకంలో ఉంది? కూలీ లెక్క ఆసామి డైరీలో ఉంటుంది. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇరవై ఏళ్ళు నిండిన అసైన్డ్ భూముల్ని అమ్ముకునే హక్కు ఇచ్చింది. అది మనవాళ్ళకి ఆస్తి అవుతుందా, ఉన్న ఎకరం జారిపోయే దారి అవుతుందా అన్నది ఊళ్ళో ఎవరు కాగితం చదవగలరు అన్నదాని మీద ఆధారపడి ఉంది.

కాబట్టి మన విద్యార్థులకి, కార్యకర్తలకి ఒక పని చెబుతున్నాను. మీ ఊరి సెటిల్‌మెంటు రిజిస్టరు, అడంగలు, మాన్యం లెక్కలు తీసి చదవండి. ఎవరి పేరు ఉందో రాసుకోండి. ఎవరి పల్లె హద్దుగా ఉందో అది కూడా రాసుకోండి. పెద్దవాళ్ళని కూర్చోబెట్టి ఏ మడిలో ఎవరు ఎన్నేళ్ళు పని చేశారో అడిగి తేదీ వేసి భద్రం చెయ్యండి. రేపు ఎవరైనా రుజువు అడిగితే చూపించడానికి అదే ఉంటుంది.

రేచడు రెండు కోరికలు కోరాడని కథ. వాటిలో భూమి లేదు. అతను అడగలేదో, అడిగింది కథ రాసినవాళ్ళు వదిలేశారో మనకి తెలిసే దారి లేదు. అతని మనుషులం మనం ఇప్పుడు అడుగుతున్నాం, రాసి అడుగుతున్నాం.